పాట ఒక్కటే తెచ్చే సంబంధం

హైదరాబాద్‌లోని సైనిక్‌పురి పుట్టుక దాని పేరులోనే ఉంది. సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లు ఇళ్లు కట్టుకున్న కాలనీ అది. ఒక పక్క ఈసీఐఎల్ చౌరస్తా, ఇంకో పక్క నేరేడ్‌మెట్, యాప్రాల్. అటు మౌలాలి దాటితే నాచారం, హబ్సిగూడ, ఉప్పల్. 2017లో మొదలైన మెట్రో రైలు ఉప్పల్ మీదుగా నాగోలు దాకా వచ్చింది గానీ ఇటువైపు తొంగి చూడలేదు. అందుకే ఇక్కడ కారున్న ఇంట్లో దాని అవసరం తీరేది కాదు, అది పాతబడినా అమ్మబుద్ధి కాదు. పన్నెండేళ్ల బండికి ఇంజను నిక్షేపంగా ఉంటుంది, సీటు కవర్లు శుభ్రంగా ఉంటాయి, కంపెనీ బిగించిన స్టీరియో సెట్టు కూడా పాడుతూనే ఉంటుంది. ఇబ్బందల్లా ఒక్కటే: మనం వినదలచిన పాట జేబులోని ఫోనులో ఉంది, సెట్టేమో ఆ ఫోను పుట్టకముందుది. ఈ రెంటికీ సంబంధం కుదర్చడమెలా అన్నది చూడటానికి చిన్న ప్రశ్నే. ఒక మేనమామనూ మేనల్లుణ్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి వాదింపజేస్తే దాని అడుగున ఉన్న పెద్ద ప్రశ్న బయటపడుతుంది. మామ సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో పనిచేసి వచ్చిన మనిషి, తీగ పక్షం. అల్లుడు సాఫ్ట్‌వేరు ఉద్యోగి, గాలి పక్షం. పాత్రలు కల్పితం, వాదనలు మాత్రం కావు.

అల్లుడు: డొంకతిరుగుడు లేకుండా చెప్పేస్తాను మామయ్యా. ఈ సెట్టు పీకించేయండి. దాని జాగాలో తొమ్మిదంగుళాల టచ్ స్క్రీన్ పెట్టించండి. సెట్టు కూర్చునే గూటికి ఎప్పుడో జర్మన్లు ఒక కొలత పెట్టారు. వెడల్పు 180 మిల్లీమీటర్లు. ఎత్తు 50 అయితే సింగిల్ డిన్, 100 అయితే డబుల్ డిన్. గూడు కాస్త వంకరగా ఉన్న బండికి దానికి తగిన ఫ్రేము దొరుకుతుంది. రాణీగంజ్‌లో ఒక పూట పని. పాట, మ్యాపు, ఫోను మాట అన్నీ ఒకేచోట. కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో వచ్చి పదేళ్లు దాటింది. ఇంకా తీగలు పట్టుకుని వేలాడటం దేనికి?

మామ: ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టమంటున్నావు. ముందు లెక్క చూడు. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది, బండి బాగుంటే ఇంకో అయిదేళ్లకు పొడిగిస్తారు. ఢిల్లీ చుట్టుపక్కల వచ్చినట్టు డీజిలు బండికి పదేళ్ల ఆంక్ష మన దగ్గర లేదు. అంటే బండి ఆయుష్షు పదిహేను, ఇరవై ఏళ్లు. ఫోను ఆయుష్షు నాలుగైదేళ్లు. ఒక బండి జీవితకాలంలో నాలుగు తరాల ఫోన్లు వచ్చి పోతాయి. నువ్వు చెప్పిన తెర కూడా ఫోను జాతిదే. దాని ప్రాసెసరు, దాని సాఫ్ట్‌వేరు ఫోనులాగే ముసలివవుతాయి. ఇవాళ గూడు కోసి దాన్ని పెడితే అయిదేళ్లకు మళ్లీ కోయాలి. పైగా కప్లరుకు కప్లరు సరిపోతే ఫర్వాలేదు. సరిపోనప్పుడు వైర్లు కత్తిరించి మెలిపెట్టి టేపు చుట్టేస్తారు. ఆ టేపు ఎండకు జిగురొదిలిన రోజున సెట్టుతోపాటు ఫ్యూజులూ పోతాయి. సెట్టులో ఏ తలుపు తెరిచి ఉందో చూసుకుని పాటను అందులోంచి పంపడం నా పద్ధతి. యాంటెన్నా ఒక తలుపు, క్యాసెట్ మూతి ఒకటి, ఆక్స్ రంధ్రం ఒకటి, యూఎస్‌బీ ఒకటి, నీ బ్లూటూత్ ఒకటి.

అల్లుడు: ఆ తలుపుల చరిత్రే నా వైపు సాక్ష్యం. ఫిలిప్స్ క్యాసెట్ తెచ్చింది 1963లో. సోనీ వాక్‌మన్ 1979లో వచ్చింది, సీడీ 1982లో, ఐపాడ్ 2001లో. చేతిలో పట్టే పరికరం మారిన ప్రతిసారీ కారు వెనకబడింది, వెనకబడ్డ ప్రతిసారీ ఒక అతుకు పుట్టింది. క్యాసెట్ సెట్టులో సీడీ వినడానికి తోక ఉన్న ఉత్తుత్తి క్యాసెట్. ఏ రంధ్రమూ లేని సెట్టుకు సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటరు. అతుకుల బొంతను కాపాడుకోవడం పొదుపెలా అవుతుంది మామయ్యా?

మామ: అతుకుల్లోనూ తెలివైనవి, తెలివితక్కువవి ఉంటాయి. ఉత్తుత్తి క్యాసెట్ మొదటి రకం. టేపు మీద పాటంటే అయస్కాంత ముద్రే కదా. సెట్టులోని హెడ్డు ఆ ముద్ర మారడాన్ని పసిగట్టి విద్యుత్తుగా మారుస్తుంది. ఉత్తుత్తి క్యాసెట్‌లో టేపు ఉండదు. దాని బదులు, సెట్టు హెడ్డుకు ఎదురుగా ఇంకో హెడ్డు ఉంటుంది. ఫోను నుంచి వచ్చిన సంకేతం అందులో అయస్కాంత క్షేత్రాన్ని ఆడిస్తుంది, సెట్టు అది టేపే అనుకుని పాడేస్తుంది. టేపు తిరగట్లేదని సెట్టు ఆగిపోకుండా లోపల చక్రాలు ఊరికే తిరుగుతుంటాయి. సెట్టు ఒంటిమీద గీత కూడా పడకుండా అయిపోయే పని ఇది. ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటరు రెండో రకం, దాని విషయంలో నీతో వాదన లేదు. అది 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న పట్టీలో ఎక్కడో ఒకచోట బుల్లి రేడియో స్టేషను అవతారమెత్తాలి. హైదరాబాద్‌లో ఆ పట్టీ ఇప్పటికే కిక్కిరిసి ఉంది. 91.1, 92.7, 93.5, 98.3లో ప్రైవేటు స్టేషన్లు, 101.9లో రెయిన్‌బో, 102.8లో వివిధభారతి. సందు చూసి దూరినా, పక్క లేనులో వెళ్లే కారు కూడా అదే సందులో దూరితే మన పాట మీద వాళ్ల పాట పడుతుంది. ఊరు దాటితే స్టేషన్లు మారతాయి, సందూ మారుతుంది. అంటే బండి నడుస్తుండగా వేలు మళ్లీ బటన్ మీదికి వెళ్లాలి. ఈ ఆఖరి మాట గుర్తుపెట్టుకో, నా వాదనంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

అల్లుడు: గుర్తుంచుకుంటాను. మరి మీకు ఇష్టమైన ఆక్స్ తీగ? అది గుచ్చి, ఫోనును ఛార్జింగులో పెడితే స్పీకర్లలోంచి సన్నటి ఈల మొదలవుతుంది. యాక్సిలరేటరు తొక్కినకొద్దీ ఈల పైస్థాయికి పోతుంది. పాట వింటున్నామా, ఇంజను కచేరీ వింటున్నామా తెలియదు. ఇంతా చేస్తే ఆ రంధ్రం ఫోన్లలోంచే పోతోంది. యాపిల్ 2016లో ఐఫోన్ 7తో తీసేసింది, మిగతావాళ్లలో చాలామంది అదే బాట పట్టారు. తలుపు ఒకవైపు తెరిచి ఉండి లాభమేంటి, రెండోవైపు గోడ కట్టేశాక?

మామ: ఈలకు కారణముంది, మందూ ఉంది. బండిలో బ్యాటరీని నింపే ఆల్టర్నేటరు పుట్టించేది ఏసీ కరెంటు. డయోడ్లు దాన్ని డీసీగా మార్చినా కాస్త అల మిగిలే ఉంటుంది, ఇంజను వేగం పెరిగితే ఆ అలా వేగం పెంచుకుంటుంది. ఫోను ఛార్జరు ద్వారా ఒకచోట, ఆక్స్ తీగ ద్వారా ఇంకోచోట బండి ఎర్తుకు తగులుతుంది. రెండు దారులు కలిసి ఒక చుట్టు ఏర్పడితే ఆ అల పాట నడిచే తీగలోకే చొరబడుతుంది. ఛార్జింగు తీగ పీకి చూడు, ఈల ఆగిపోతుంది. రోగం అదేనని రూఢి చేసుకోవడానికి అంతకన్నా సులువైన పరీక్ష లేదు. ఛార్జింగు కావాల్సిందే అంటే పవర్ బ్యాంకు వాడు, లేదా మధ్యలో చిన్న ఐసొలేటరు డబ్బీ పెట్టు. అందులో ఉండేది రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు. పాటను దాటిస్తాయి, ఎర్తును దాటనివ్వవు. ఇంకో జబ్బు చెబుతాను. పిన్ను సగమే దిగినప్పుడు వాద్యాలు వినిపిస్తాయి, పాడేవాళ్ల గొంతు మాయమవుతుంది. పిన్ను కొస ఎడమ చెవిది, మధ్య ఉంగరం కుడి చెవిది, మొదలు రెంటికీ ఉమ్మడి. ఉమ్మడి తగలకపోతే ఎడమకూ కుడికీ ఉన్న తేడా మాత్రమే వినిపిస్తుంది. గొంతును మధ్యలో పెట్టి మిక్స్ చేస్తారు కనుక తేడాలో అది సున్నా. ఘంటసాల కాలపు మోనో పాటైతే రెండు చెవుల్లోనూ ఒకటే కాబట్టి పాట మొత్తం దాదాపు చచ్చిపోతుంది. జనం సెట్టు పోయిందనుకుని కొత్తది కొనేస్తారు. కావాల్సింది పిన్నును గట్టిగా లోపలికి నొక్కడం.

అల్లుడు: ఇంత వైద్యం తెలిస్తే గానీ పాట వినలేమంటే ఆ తీగ సామాన్యుడి వస్తువు కానట్టే కదా! బ్లూటూత్‌కు ఈ జబ్బులేవీ రావు. గాల్లో సంకేతం, ఎర్తు గొడవ లేదు, పిన్ను అరగదు. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర 79 గదుల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతూ పోతుంది, ఎవరైనా అడ్డొస్తే పక్క గదిలోకి తప్పుకుంటుంది. మీ ఎఫ్‌ఎం సందులాగా మనం వెతకాల్సిన పని లేదు. ఒకసారి జత కలిపితే చాలు, తాళం తిప్పగానే అదే కలుస్తుంది. పాత సెట్టుకు బ్లూటూత్ లేకపోతే ఆక్స్‌లో గుచ్చే చిన్న రిసీవరు ఉంది. శబ్దం సంగతి ఎత్తుతారేమో, మామూలు ఎస్‌బీసీ పద్ధతిలోనే సెకనుకు 328 కిలోబిట్ల దాకా పోతుంది. మన పెన్ డ్రైవుల్లోని 128 కిలోబిట్ల ఎంపీత్రీల కంటే అది చాలా పెద్ద కాలువ.

మామ: కాలువ పెద్దదే. కానీ ఎంపీత్రీగా ఒకసారి పిండిన పాటను ఎస్‌బీసీ ఇంకోసారి పిండుతుంది, ఆ సంగతి వదిలేశావు. సరే, నేనూ వదిలేస్తాను. ఎందుకంటే నడిచే కారులో శబ్ద నాణ్యత గురించి కొట్టుకోవడం దండగ. టైర్ల రొద, ఏసీ గాలి, పక్కన ఆర్టీసీ బస్సు హారను. వీటి నడుమ కంపెనీ ఇచ్చిన కాగితం కోను స్పీకర్లలో వినేవాడికి ఆక్స్‌కూ బ్లూటూత్‌కూ తేడా తెలియడం కష్టం. నీ తెర, నా తీగ రెండూ ఈ పరీక్షలో పాసే. అందుకే వేరే కొలత కావాలంటున్నాను. ఒక పద్ధతి మంచిదా కాదా అనేది అది ఎంత బాగా పాడుతుందో చూసి తేల్చకూడదు. బండి కదిలాక అది డ్రైవరు కంటినీ చేతినీ ఎన్నిసార్లు అడుగుతుందో చూసి తేల్చాలి. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2013లో కారు తయారీదారులకు ఒక మార్గదర్శకం ఇచ్చింది: డ్యాష్‌బోర్డులో ఏ పనికైనా కన్ను ఒక్కసారికి రెండు సెకన్లకు మించి రోడ్డు వదలకూడదు, మొత్తం పనికి పన్నెండు సెకన్లు దాటకూడదు. నలభై కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లంటే 22 మీటర్లు. అరవైలో 33 మీటర్లు. 2018లో పని మొదలై ఏళ్లకేళ్లు సాగిన ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ స్తంభాల పక్కన 22 మీటర్లు గుడ్డిగా పోవడమంటే ఏమిటో ఊహించుకో. తెర మీద పాట వెతకాలంటే చూడాలి, జరపాలి, మళ్లీ చూసి నొక్కాలి. పాత సెట్టు గుండ్రటి బిరడా చూడకుండానే చేతికి దొరుకుతుంది.

అల్లుడు: ఆ కొలతకు నేనూ ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాకే నా పక్షం గట్టిపడుతుంది. మీరు తెర వద్దన్నంత మాత్రాన జనం ఫోను చూడటం మానరు, ఒళ్లో పెట్టుకుని చూస్తారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, చేత్తో పట్టుకునే పరికరం వాడుతూ నడపడాన్ని ప్రమాదకర డ్రైవింగులో చేర్చింది. మొదటిసారికే వెయ్యి నుంచి అయిదు వేల రూపాయల దాకా జరిమానా. 2020 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన, ఏకాగ్రత చెడకుండా దారి చూసుకోవడానికి మాత్రం ఆ పరికరాన్ని ఒప్పుకుంది. చట్టమే దారి చూసుకోవడం అవసరమని గుర్తించాక, ఆ దారిని చేతిలోంచి తీసి డ్యాష్‌బోర్డులో పెట్టే తెర మేలా కీడా? ఫోను వస్తే స్టీరింగు మీది బటన్ నొక్కి మాట్లాడొచ్చు, చెయ్యి తీయక్కర్లేదు. పాట కూడా నోటితో అడగొచ్చు.

మామ: దారి విషయంలో నీ మాట నిజం. తెలియని చోటికి పోయేటప్పుడు ఒళ్లో ఫోను కంటే ఎదురుగా తెర మేలు. ఫోను మాట దగ్గరే నువ్వు జారావు. చెయ్యి ఖాళీగా ఉన్నంత మాత్రాన బుర్ర ఖాళీగా ఉన్నట్టు కాదు. డ్రైవింగులో ఫోను వాడేవాళ్లకు ప్రమాదం ముప్పు దాదాపు నాలుగు రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పట్నుంచో చెబుతోంది. అదే నోటితో, చేతిలో పట్టుకోని ఫోను పట్టుకున్నదానికంటే పెద్దగా సురక్షితం కాదనీ చెబుతోంది. అవతలి మనిషికి మన ముందున్న గుంత కనబడదు, కనుక మాట ఆపడు. పక్క సీట్లో కూర్చున్నవాళ్లయితే గుంత చూసి వాళ్లే నోరు మూసుకుంటారు. 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో ఫోను వాటా ఎంతో విడిగా లెక్కకట్టడం కష్టం. ప్రమాదం జరిగాక, అప్పుడు నా కళ్లు ఫోను మీదున్నాయని ఒప్పుకునేవాళ్లు ఎవరు? ఇక నువ్వు వరమనుకునే సంగతి, తాళం తిప్పగానే దానంతటదే కలవడం. ఇంట్లో అత్తయ్య ఫోనులో మాట్లాడుతుంటుంది. పోర్టికోలో నేను తాళం తిప్పుతాను. సంభాషణ ఉన్నపళాన కారులోకి దూకి వీధిలో వినబడుతుంది. సెట్టు ఫోనులోని పేర్లూ నంబర్లూ కూడా దించుకుని దాచుకుంటుంది. బండి అమ్మేరోజు అవి చెరపాలన్న గుర్తు ఎందరికి ఉంటుంది?

అల్లుడు: సరే, మీ వస్తువును తూకంలో పెడదాం. పెన్ డ్రైవు అంత అమాయకమైందేమీ కాదు. గుచ్చితే సగం సెట్లు గుర్తుపట్టవు. కొన్ని కార్లలో యూఎస్‌బీ రంధ్రం ఛార్జింగుకు మాత్రమే, పాట దాని చెవికెక్కదు. తీగతో ఫోనును యూఎస్‌బీకి కలిపినా, ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోను పెన్ డ్రైవులా కనబడదు కాబట్టి పాత సెట్టు దాన్ని పట్టించుకోదు. అన్నీ కుదిరితే వరస తప్పుతుంది: మనం ఒక వరసలో పెడతాం, అది ఇంకో వరసలో పాడుతుంది. తెలుగులో రాసిన పాట పేరు తెర మీద డబ్బాలూ ప్రశ్నార్థకాలుగా కనిపిస్తుంది. మూడు వేల పాటలు నింపిన పెన్ డ్రైవులో కావాల్సినది దొరకాలంటే బటన్ నొక్కుతూ పోవాలి. మీ 22 మీటర్ల లెక్క అప్పుడు వర్తించదా?

మామ: వర్తిస్తుంది, నిక్షేపంగా. అందుకే మూడు వేల పాటలు నింపకూడదు. నిమిషానికి ఒక మెగాబైటు చొప్పున పదహారు గిగాబైట్లలో అన్ని పడతాయి గనుక నింపుతాం. పట్టినంతా కుక్కితే పచ్చడి జాడీలోనూ నోటికి రుచించే ముక్క దొరకదు. అరవై పాటలు చాలు, నెలకోసారి మార్చుకో. మిగతా జబ్బులకు మందు బండి బయటే ఉంది. సెట్టు గుర్తుపట్టకపోతే పెన్ డ్రైవును ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాట్ చెయ్యి. పాత సెట్లకు అర్థమయ్యే భాష అదే. వరస తప్పడానికి కారణం, చాలా సెట్లు అక్షర క్రమం చూడవు, కాపీ అయిన క్రమం చూస్తాయి. ఫైలు పేరుకు ముందు 001, 002 అని అంకెలు వేసి, ఖాళీ పెన్ డ్రైవులోకి అదే వరసలో ఎక్కిస్తే రెండు రకాల సెట్లూ మాట వింటాయి. తెలుగు అక్షరాలు రాకపోవడం మాత్రం నిజమైన లోటే. సెట్టు తయారు చేసినవాడు మన లిపిని అందులో పెట్టలేదు, ఇంగ్లిష్ అక్షరాల్లో పేరు రాసుకోవడం తప్ప దారి లేదు. ఒక సుగుణం కూడా చెప్పనీ. గంటన్నర ప్రవచనం నాచారంలో ఆపి బండి దిగితే, మళ్లీ తాళం తిప్పినప్పుడు చాలా సెట్లు ఆగిన చోటునుంచే అందుకుంటాయి. ఎవరినీ ఏమీ అడగవు. ఇవన్నీ బల్ల దగ్గర కూర్చుని చేసే పనులు, ఒక్కటీ స్టీరింగు వెనక చేసేది లేదు. అదీ తేడా.

అల్లుడు: దొరికారు మామయ్యా! తేడా తీగలో లేదని మీరే చెప్పేశారు. బల్ల దగ్గర చేసే పని ఫోనులోనూ చెయ్యొచ్చు. బయల్దేరే ముందే అరవై పాటల జాబితా పెట్టి, ఫోను సంచిలో పడేసి, ఇక ముట్టుకోకుండా ఉంటే బ్లూటూత్ కూడా పెన్ డ్రైవంత సాధువే. పెన్ డ్రైవులో వేల పాటలు కుక్కి బటన్ నొక్కుతూ పోయేవాడు మీ తీగ పక్షంలో ఉన్నా ప్రమాదకారే. మంచీ చెడూ మనిషి క్రమశిక్షణలో ఉన్నాయి, పరికరంలో లేవు. సైన్యం నుంచి వచ్చిన మీకు క్రమశిక్షణ గురించి నేను చెప్పాలా?

మామ: ఈ పూటంతా నువ్వన్న మాటల్లో గట్టిది ఇదే. తీగా గాలా అన్న పేచీ ఇక్కడితో సరి, ఓడిపోయానని రాసుకో. కానీ సైన్యం నేర్పే క్రమశిక్షణలో సగం మనిషి మనసు మీద ఆధారపడదురా. పొరపాటు చేసే వీలే లేకుండా ఏర్పాటు చేయడం మీద ఆధారపడుతుంది. తుపాకీకి సేఫ్టీ క్యాచ్ పెట్టింది సిపాయికి క్రమశిక్షణ లేదని కాదు. సంచిలో పడేసిన ఫోను ఊరుకోదు. పాట మధ్యలో టింగుమంటుంది, పాట ఆపి మోగుతుంది, బ్యాంకు సందేశం వచ్చిందని వణుకుతుంది. ఆ టింగు విన్న మనసు, చెయ్యి కదలకపోయినా, ఎవరై ఉంటారా అని సంచిలోకి దూరుతుంది. పెన్ డ్రైవు పాట తప్ప ఇంకేమీ తేదు. ఫోను పాటతోపాటు ఊరంతటినీ బండిలోకి ఎక్కిస్తుంది. వాక్‌మన్ నుంచి ఐపాడ్ దాకా చేతిలో పట్టే పాటల పెట్టె పాటల పెట్టెగానే ఉండేది. ఐపాడ్ తయారీ ఆపేస్తున్నామని యాపిల్ 2022 మేలో చెప్పినప్పుడు అందరూ పాత జ్ఞాపకాలు తలచుకున్నారు గానీ, అసలు పోయింది వేరే: పాడటం తప్ప ఇంకో పని తెలియని పరికరం. దానికి ఇంకా గిరాకీ ఉందనడానికి సాక్ష్యం కావాలంటే, 2017లో సరిగమ కంపెనీ అయిదు వేల పాత హిందీ పాటలు నింపి తెచ్చిన కారవాన్ పెట్టెను చూడు. చేతిలో కోటి పాటల ఫోను ఉంచుకుని కూడా జనం దాన్ని కొన్నారు.

అల్లుడు: కొన్నది జ్ఞాపకాల కోసం మామయ్యా, భద్రత కోసం కాదు. అయినా మీ మాటలో ఒక సంగతి పట్టుకున్నాను. మీకు అభ్యంతరం గాలి మీద లేదు, తెర మీదా లేదు. ఫోనుకున్న నంబరు మీద. అయితే నంబరు తీసేద్దాం. ప్రతి ఇంట్లోనూ బీరువాలో ఒక రిటైరైన ఫోను ఉంటుంది. సిమ్ తీసేసి, పాటల యాప్ తప్ప మిగతావన్నీ చెరిపేస్తే అది ఐపాడే. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే శుక్రవారం విడుదలైన పాటలు దిగుతాయి. బండిలో అది బ్లూటూత్‌తో కలుస్తుంది, లేదా మీ ఆక్స్‌తో కలుస్తుంది; పాత ఫోను కాబట్టి దానికి ఆ రంధ్రం కూడా ఉంటుంది. దారి కావాలంటే అసలు ఫోను అద్దం కింద హోల్డరులో ఉండి, తన స్పీకరుతోనే దారి చెబుతుంది. పాడే గొంతు ఒకటి, దారి చెప్పే గొంతు ఒకటి. సెట్టు పీకక్కర్లేదు, కొత్త పాటలు వదులుకోనక్కర్లేదు. ఇందులో వంక పెట్టండి చూద్దాం.

మామ: పెడతాను. మొదటిది ఎండ. మేలో మన ఊళ్లో నీడలోనే నలభై డిగ్రీలు దాటుతుంది, అద్దాలెత్తిన కారు లోపల అంతకు చాలా పైన. ఐఫోను అయితే వాడకుండా ఉంచినా 45 డిగ్రీలు దాటకూడదని తయారు చేసినవాళ్లే చెబుతారు. బ్యాటరీ ఉబ్బిన ఫోనును డ్యాష్‌బోర్డు అరలో మరిచిపోవడమంటే నిప్పు దాచడమే. కాబట్టి తాళంచెవితోపాటు అది కూడా ఇంట్లోకి రావాలి. బ్యాటరీ లేని పెన్ డ్రైవుకు ఈ బాధ లేదు, ఆ మార్కులు దానివే. రెండోది హోల్డరులోని ఫోను. దారి చెప్పే గొంతు పాటలో మునిగిపోతుంది. దానికి మందు, తెలియని దారిలో పాట ఆపేయడం. రోజూ పోయే దారికి మ్యాపు ఎటూ అక్కర్లేదు. ఈ రెండూ ఒప్పుకుంటే నీ ఏర్పాటు నా కొలతకు నిలుస్తుంది. కాదు, నా ఏర్పాటు కంటే ఒక మెట్టు పైనే ఉంది, దాన్లో పాట పేరు తెలుగులో కనిపిస్తుంది కాబట్టి.

అల్లుడు: అయితే కొత్త తెర?

మామ: బ్యాంకులోనే ఉంచు ఆ డబ్బు. పాత కాలంలో సంబంధం చూసేటప్పుడు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు అడిగేవాళ్లు. ఇక్కడ అడగాల్సింది ఒక్కటే: వచ్చేది ఒంటరిగా వస్తుందా, చుట్టాలందరినీ వెంటేసుకుని వస్తుందా? నీ పాత ఫోనుకు నంబరు లేదు, అంటే చుట్టాలు లేరు. బీరువా తాళం ఎక్కడుందో అత్తయ్యను అడుగు. సిమ్ నువ్వే తీసెయ్యి, 001 నుంచి అరవై పాటలు నేను ఎంచి పెడతాను.